రెండవ పుట్టినరోజు తరువాత
(దేవాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ నేలమీదనే పుట్టి పెరిగి, ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు దిద్దుకొని, నేడు ఈ మాటలను తెలుగులోనే వింటున్న, రేపు ఈ సంచికలో చదవబోతున్న యువతీయువకులకు ప్రత్యేకంగా నా అభినందనలు. ఈ ప్రసంగం ప్రధానంగా మీ కోసమే.

పండుగ వంటి ఈ సభలో వ్యాధిని గురించి మాట్లాడటం ఉచితమేనా అని కార్యవర్గాన్ని ముందుగా అడిగాను. "మీరు మాట్లాడబోయేది వ్యాధిని గురించి కాదు, దాని తరువాతి జీవితాన్ని గురించి కదా, రండి" అన్నారు. ఆ మాటే నాకు ధైర్యమిచ్చింది.

మీలో చాలామందికి నేను తెలుసు. బ్రహ్మోత్సవాలలో వంటశాల బాధ్యత చూసేవాడిని. 2022లో అకస్మాత్తుగా కనబడకుండా పోయాను. దాదాపు ఏడాదిన్నర ఆలయం గడప తొక్కలేదు. నాకు అలక వచ్చిందని కొందరు, నమ్మకం సడలిందని కొందరు అనుకున్నారని తరువాత తెలిసింది. ఆ రెండూ నిజం కావు. నాకు లుకేమియా వచ్చింది. రక్తం పుట్టే చోటనే పుట్టిన క్యాన్సర్ అది. ఆ సంగతి దాచిపెట్టడం నేను చేసిన మొదటి పొరపాటు. మన ఇళ్ళలో ఆ పేరు పైకి పలకరు. "ఒంట్లో బాగుండలేదు" అని ఊరుకుంటారు. నేనూ అలాగే ఊరుకున్నాను.

మన ఎముకల లోపల ఉండే మూలుగలో మూలకణాలుంటాయి. ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అన్నీ వాటినుండే పుడతాయి. ఆ పుట్టుక చెడిపోయినప్పుడు, తీవ్రమైన మందులతో, అవసరమైతే రేడియేషన్‌తో ఆ పాత మూలుగను తొలగించి, ఆరోగ్యవంతుడైన దాత మూలకణాలను ఎక్కిస్తారు. డొనాల్ థామస్ అనే అమెరికన్ వైద్యుడు 1957లో ఈ విధానంపై తొలి ఫలితాలను ప్రచురించారు. మొదటి రోగులలో ఎక్కువమంది బతకలేదు. అయినా ఆయన విడిచిపెట్టలేదు. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేను ఈనాడు మీ ముందు నిలబడి ఉన్నానంటే, ఆ ముప్పైమూడేళ్ళ పట్టుదల ఫలితంలో నాదీ ఒక చిన్న వాటా.

దాత అంటే ఎవరైనా సరిపోరు. హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు ఇద్దరిలోనూ కలవాలి. ఇవి రక్తవర్గం కంటే ఎంతో క్లిష్టమైనవి. తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వస్తాయి. కనుక తోబుట్టువులలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం మాత్రమే ఉంటుంది. విజయవాడలో మా తమ్ముడు, హైదరాబాదులో మా చెల్లెలు వెంటనే పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరివీ కలవలేదు. ఆ రాత్రి మా తమ్ముడు ఫోనులో, "అన్నయ్యా, క్షమించు" అన్నాడు. తనది కాని తప్పుకు వాడు క్షమాపణ చెప్పడం నేను మరచిపోలేను.

తరువాత దేశవ్యాప్త దాతల జాబితాలో వెదికారు. ఇక్కడ మీరు ఒక నిజం తెలుసుకోవాలి. ఈ దేశపు జాబితాలో పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం తెల్లజాతి రోగులకు నూటికి సుమారు 79. ఆసియా, పసిఫిక్ ద్వీప మూలాలున్నవారికి సుమారు 47. వైద్యులు చూపే పక్షపాతం ఇందుకు కారణం కాదు. ఈ గుర్తులు వంశాన్ని, ప్రాంతాన్ని అనుసరించి వస్తాయి. మన గుర్తులు మన వంటివారిలోనే ఎక్కువగా దొరుకుతాయి, మన వంటివారేమో ఆ జాబితాలో తక్కువమంది.

అయినా నాకు ఒకరు దొరికారు. పూర్తిగా సరిపోయిన దాత. ఎవరో చెప్పరు, చెప్పకూడదు. మా ఇంట్లో ఆనాడు దీపావళి. పదకొండు రోజుల తరువాత ఆసుపత్రి సమన్వయకర్త ఫోను చేసి, ఆ దాత ఇక అందుబాటులో లేరని చెప్పింది. కారణం అడగకూడదు. అనారోగ్యమో, గర్భమో, ప్రయాణమో, ఏదైనా కావచ్చు. కానీ ఇంట్లోవారు భయపడి వద్దన్నారేమో అన్న ఆలోచన నన్ను చాలాకాలం వదలలేదు. ఎందుకంటే, అంతకు ఆరేళ్ళ క్రితం ఇదే ఆలయ ప్రాంగణంలో దాతల నమోదు శిబిరం పెట్టినప్పుడు, మా అబ్బాయి వెళ్ళబోతుంటే, "వెన్నెముకలో సూది పొడుస్తారట, మనకెందుకురా" అని వెనక్కి పిలిచినవాడిని నేనే. ఆ రోజు నేను ఆపింది ఎవరి తండ్రి ప్రాణాన్నో నాకు తెలియదు.

చివరకు ఆ అబ్బాయే నాకు దాత అయ్యాడు. కన్నబిడ్డ గుర్తులు ఎప్పుడూ సగం కలుస్తాయి. సగం కలిసిన దాతతోనూ ఇప్పుడు మార్పిడి చేయగలుగుతున్నారు. కణాలు ఎక్కించిన తరువాత మూడవ, నాలుగవ రోజులలో ఇచ్చే ఒక పాత మందు ఆ మార్గాన్ని తెరిచింది. వాడికి అప్పుడు ఇరవైనాలుగేళ్ళు. మత్తు ఇచ్చి, నడుము వెనుక కటి ఎముక నుండి మూలుగ తీశారు. వెన్నెముకను ఎవరూ తాకలేదు. మరునాడు ఇంటికి వెళ్ళాడు. వారం పదిరోజులు నడుము నొప్పి అన్నాడు. అంతే.

మార్పిడి జరిగిన రోజును వైద్యులు సున్నా దినం అంటారు. ఏదో మహాశస్త్రచికిత్స జరుగుతుందనుకున్నాను. ఒక ఎర్రని సంచి తెచ్చి, రక్తం ఎక్కించినట్లే ఎక్కించారు. నర్సులు వచ్చి పుట్టినరోజు పాట పాడారు. మా ఆవిడ పక్కన కూర్చొని విష్ణు సహస్రనామం చదువుకుంటూ ఉంది. రెండున్నర వారాల తరువాత తెల్లకణాలు లేచాయి. అందరూ, "గండం గడిచింది" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అసలు పని అప్పుడే మొదలైంది. ఈనాడు నేను చెప్పదలచుకున్నది ఆ పనిని గురించే.

మార్పిడి తరువాత మనిషి వయస్సు యాభైఎనిమిదే అయినా అతని రోగనిరోధక శక్తి వయస్సు సున్నా. చిన్ననాడు వేయించుకున్న టీకాల జ్ఞాపకాన్ని శరీరం చాలావరకు పోగొట్టుకుంటుంది. అందుచేత మూడు నుండి ఆరు నెలలు గడిచాక పసిబిడ్డకు వేసినట్లే టీకాలు మళ్ళీ మొదలవుతాయి: న్యుమోనియాకు, ధనుర్వాతానికి, కోరింత దగ్గుకు, పోలియోకు. తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మ వంటి వాటికి వేసే సజీవ టీకాలు కనీసం రెండేళ్ళు ఆగాలి, అప్పుడైనా వైద్యులు సరేనంటేనే. ఇంట్లోని మిగిలినవారు మాత్రం తమ టీకాలు సకాలంలో వేయించుకోవాలి. రోగి చుట్టూ కట్టే ప్రాకారం అదే.

మొదటి నూరు రోజులు ఆసుపత్రికి దగ్గరలో, ఒకరి తోడుతో ఉండాలి. జ్వరం నూట నాలుగు దాకా ఆగనవసరం లేదు, నూట ఒకటి వైపు వెళుతున్నప్పుడే అర్ధరాత్రి అయినా ఫోను చేయాలి. "తెల్లవారనీ, చూద్దాం" అనే మన అలవాటు ఇక్కడ ప్రాణాంతకం.

ఆహారం విషయంలో మన వంటింటికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఆసుపత్రికీ ఆసుపత్రికీ నియమాలు కొంత మారుతాయి కనుక మీ వైద్య బృందం మాటే ప్రమాణం. నాకు చెప్పినవి ఇవి. మరిగించని పాలు, పచ్చి తేనె, మొలకెత్తిన గింజలు వద్దు. ఊరినుండి సీసాలో వచ్చిన ఆవకాయ అనుమతి వచ్చేదాకా వద్దు. మిరియాల పొడి, కారప్పొడి వంటివి విస్తట్లో పైన చల్లుకోకుండా, పొయ్యిమీద ఉడుకుతున్నప్పుడే వేయాలి. వండిన అన్నం రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. గ్రేప్‌ఫ్రూట్, మన పంపరపనస, రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే మందుల మోతాదును రక్తంలో అమాంతం పెంచుతాయి కనుక ముట్టరాదు. ఒక ఆత్మీయుడు ఎంతో ప్రేమతో పసుపు మాత్రలు, మరొకరు మూలికా చూర్ణం తెచ్చారు. ఔషధ నిపుణురాలు రెండింటినీ పక్కన పెట్టించింది. కూరలో వేసే పసుపు వేరు, సీసాలో గాఢంగా చేసి అమ్మే పసుపు వేరు అని ఆమె చెప్పింది.

ఇక ఆలయం. నేను రాకపోవడానికి కారణం ఇప్పుడు మీకు అర్థమవుతుంది. పంచామృతంలో పచ్చి తేనె ఉంటుంది. తీర్థం అనేకమంది చేతులకు తాకుతూ వస్తుంది. శఠారి అందరి శిరస్సులను తాకుతుంది. పూలదండలు, తులసికోట మట్టి బూజు కణాలకు నిలయాలు. హోమధూమం బలహీనమైన ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇవన్నీ పవిత్రమైనవే. నా శరీరమే అప్పుడు వాటిని స్వీకరించే స్థితిలో లేదు. మొదట ఇంట్లోనే తెరమీద అభిషేకం చూసేవాడిని. తరువాత వైద్యుల అనుమతితో జనం లేని వారపు రోజు మధ్యాహ్నాలలో, ముఖానికి మాస్కు వేసుకొని, దూరంగా నిలబడి దర్శనం చేసుకొని వెళ్ళేవాడిని. అర్చకస్వామి తీర్థం ఇవ్వబోయి, విషయం తెలుసుకొని, "మానసికంగా స్వీకరించండి, అది చాలు" అన్నారు. ఆ మాటతో నా మనసులోని బరువు దిగిపోయింది.

కొత్త కణాలు కుదురుకున్నాక మరొక చిక్కు రావచ్చు. దాత కణాలు గ్రహీత శరీరాన్ని పరాయిదిగా భావించి దాడి చేస్తాయి. దానిని జీవీహెచ్‌డీ అంటారు. చర్మం, కళ్ళు, నోరు, పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు, కీళ్ళు, ఏదైనా దాని బారిన పడవచ్చు. నాకు ఏడవ నెలలో నోరు మండటం మొదలైంది. పప్పులో పచ్చిమిరపకాయ కూడా ఓర్చుకోలేకపోయాను. కళ్ళలో ఇసుక పోసినట్లుండేది. "వేడి చేసింది" అనుకొని మజ్జిగ తాగుతూ మూడు వారాలు గడిపాను. చివరకు మా ఆవిడ, "ఏమండీ, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని గట్టిగా అడిగితే ఆసుపత్రికి చెప్పాను. ముందే చెప్పి ఉంటే తక్కువ మందుతో పోయేదని వైద్యురాలు మందలించింది. నాకు స్టెరాయిడ్లు తప్పలేదు. వాటితో చక్కెర పెరిగింది, ఎముకలు బలహీనపడ్డాయి, నిద్ర పోయింది. స్టెరాయిడ్లతో తగ్గని జీవీహెచ్‌డీకి రుక్సోలిటినిబ్ వంటి మందులు ఇటీవలి సంవత్సరాలలో అనుమతి పొందాయి. అవి నాకు మేలు చేశాయి. కంటి చుక్కలు మాత్రం ఇప్పటికీ నా జేబులో ఉంటాయి.

కనుక మార్పిడి తరువాత బాగా జీవించడం అంటే మునుపటిలాగా అయిపోవడం కాదని నేను నేర్చుకున్నాను. కొత్త శరీరంతో స్నేహం చేయడమే అది. ఏడాదికొకసారి చర్మం, కళ్ళు, దంతాలు, థైరాయిడ్, ఎముకల సాంద్రత, ఊపిరితిత్తుల శక్తి, కొవ్వు పరీక్ష చేయించుకుంటాను. చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కనుక ఎండలో టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ తప్పనిసరి. మన చర్మం నల్లనిది కదా, మనకెందుకు అనుకోకండి. ఏయే మందులు, ఎంత రేడియేషన్ తీసుకున్నానో తెలిపే సారాంశ పత్రం ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాను. ఊరు మారినా, వైద్యుడు మారినా ఆ పత్రమే నా జాతకం.

నడక గురించి ఒక మాట. ఆసుపత్రి నుండి వచ్చిన తొలినాళ్ళలో వీధి చివరనున్న పోస్టు డబ్బా దాకా వెళ్ళి రావడమే గిరి ప్రదక్షిణ. రోజుకొక ఇల్లు చొప్పున పెంచుకుంటూ పోయాను. అలసట నిద్రపోతే తీరేది కాదు, కొద్దికొద్దిగా కదిలితేనే తగ్గేది. మతిమరుపు కూడా వచ్చింది. నలభై ఏళ్ళుగా నోటికి వచ్చిన శ్లోకం మధ్యలో ఆగిపోయేది. చీటీలు రాసుకోవడం నామోషీ కాదని తెలుసుకున్నాను. పదమూడు నెలల తరువాత సగం పూట ఉద్యోగానికి వెళ్ళాను.

మనసు సంగతి మన సభలలో ఎవరూ చెప్పరు. ప్రతి రక్తపరీక్షకు ముందు రాత్రి నిద్ర పట్టదు. బతికినందుకు అందరూ సంతోషిస్తుంటే, నాకెందుకు ఇంత దిగులు అని సిగ్గు. చివరకు ఒక మానసిక వైద్య నిపుణురాలిని కలిశాను. ఇది పిచ్చి కాదు, బలహీనత కాదు. చికిత్సలో భాగం. నాకంటే ఎక్కువగా అలసిపోయింది మా ఆవిడ. మందుల పట్టిక, దుప్పట్ల ఉతుకు, భీమా సంస్థల ఉత్తరాలు, రాత్రి జ్వరం చూడటం అన్నీ ఆమెవే. అందరూ, "ఆయనెలా ఉన్నారు?" అనేవారు. "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడిగినవారు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది.

పరామర్శకు వచ్చేవారికి నా మనవి. "పూర్వజన్మ కర్మ" అనకండి. మరెవరికో ఇదే వచ్చి ఏమైందో చెప్పకండి. జలుబు ఉంటే రాకండి. ఒక కుటుంబం చెప్పకుండానే మా పెరటి గడ్డి కోయించేది. ఒక అమ్మాయి ప్రతి శనివారం వచ్చి నా దగ్గర రెండు గంటలు కూర్చొని, మా ఆవిడను ఆలయానికి పంపేది. నాకు తెలిసిన పుణ్యకార్యాలలో అంతకు మించినది లేదు.

ఇప్పుడు మరొక చికిత్స కూడా వచ్చింది. కార్-టి అంటారు. రోగి సొంత తెల్లకణాలనే తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా ప్రయోగశాలలో మార్చి, తిరిగి ఎక్కిస్తారు. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్నారి ఈ చికిత్స పొందిన తొలి బాలిక. 2017లో అమెరికా ప్రభుత్వం దీనిని అనుమతించింది. 2023లో భారతదేశంలో బొంబాయి ఐఐటీ, టాటా మెమోరియల్ కృషితో రూపొందిన చికిత్సకు అనుమతి లభించింది. దీనిలో దాత అవసరం లేదు, జీవీహెచ్‌డీ భయమూ ఉండదు. అయితే తొలి వారాలలో జ్వరం, తికమక, మాట తడబాటు రావచ్చు. అందుకే కొంతకాలం కారు నడపనివ్వరు, ఆసుపత్రికి దగ్గరలో ఉండమంటారు. యాంటీబాడీలు నెలల తరబడి తక్కువగా ఉండి అంటువ్యాధులు సోకవచ్చు. చికిత్స వేరైనా నియమం ఒకటే: తరువాతి జీవితానికి ఓపిక, జాగ్రత్త, తోడు కావాలి.

ఒక చిన్న ముచ్చట చెబుతాను. మార్పిడి తరువాత కొన్ని నెలలకు నా రక్తవర్గం బి నుండి ఓకు మారింది. ఇప్పుడు నా రక్తంలోని డీఎన్‌ఏ మా అబ్బాయిది. ఒకరోజు అర్చనకు వెళ్ళినప్పుడు అర్చకస్వామిని అడిగాను: "స్వామీ, నా రక్తం నా కుమారునిది అయిపోయింది. సంకల్పంలో ఎవరి నక్షత్రం చెప్పాలి?" ఆయన నవ్వి, "గోత్రం ఎలాగూ మారలేదు కదా! నక్షత్రం మీ అమ్మగారు ఇచ్చినదే చెబుదాం. మీ అబ్బాయి ఇచ్చిన రోజున మాత్రం అతని పేరు ముందు చదువుతాను" అన్నారు. అప్పటినుండి ఏటా ఆ రోజున అర్చన వాడి పేరుతోనే. వాడు ఎప్పుడైనా విసుక్కుంటే, "రక్తానికి తండ్రివి నువ్వే, కాస్త ఓర్చుకో" అంటాను.

యువతీయువకులారా, మిమ్మల్ని మూడు కోరికలు కోరుతున్నాను.

మొదటిది, దాతల జాబితాలో చేరండి. పద్దెనిమిది నుండి నలభై ఏళ్ళలోపు ఆరోగ్యవంతులు చేరవచ్చు. చెంప లోపల దూదిపుల్లతో రాస్తే చాలు, ఖర్చు లేదు. ఎవరికైనా సరిపోతే, చాలాసార్లు ఐదురోజుల సూదిమందు తరువాత చేతి నరం నుండి రక్తం తీసి, మూలకణాలు వేరుచేసి, మిగిలినది తిరిగి ఇచ్చేస్తారు. కొన్నిసార్లు మా అబ్బాయికి చేసినట్లు చేస్తారు. భారతదేశంలోని మీ బంధువులకు చెన్నై కేంద్రంగా ఉన్న దాత్రి వంటి సంస్థలున్నాయి. అయితే ఆలోచించుకొని చేరండి. ముందే ఇంట్లో మాట్లాడండి. ఒకసారి చేరాక ఫోను మోగితే వెనుదీయకండి. ఆ పదకొండు రోజుల ఆశ ఎలా ఉంటుందో, పన్నెండవ రోజు ఎలా ఉంటుందో నేను చూశాను.

రెండవది, మీ తల్లిదండ్రులను మాట్లాడించండి. మేము చెప్పము, మీరు అడగండి. వైద్యుని దగ్గరికి తోడు వెళ్ళండి. మాకు అర్థం కాని ఇంగ్లీషు మాటకు తల ఊపేస్తాము. ఆ అలవాటు మీకు తెలుసు. ఇక మీలోనే ఎవరికైనా ఈ వ్యాధి వస్తే, చికిత్స మొదలుపెట్టకముందే సంతాన సామర్థ్యాన్ని కాపాడుకునే మార్గాలను గురించి సిగ్గుపడకుండా అడగండి. తరువాత అడిగితే ఆలస్యమవుతుంది.

మూడవది మన ఆలయానికి సంబంధించినది. జనం తక్కువగా ఉండే దర్శన వేళ ఒకటి, గాలి బాగా ఆడే చోట నాలుగు కుర్చీలు, ఇంటినుండి చూసేవారికి స్పష్టంగా వినిపించే ప్రసారం, ఏటా ఒక నమోదు శిబిరం ఏర్పాటు చేయమని ధర్మకర్తలను కోరుతున్నాను. ఆ శిబిరంలో బల్ల దగ్గర కూర్చొని, సందేహించే తండ్రులతో మాట్లాడే బాధ్యత నాది. ఎందుకంటే వారు ఏమంటారో నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ అదే అన్నాను.

మొన్న బ్రహ్మోత్సవాలలో నాలుగేళ్ళ తరువాత మళ్ళీ వంటశాలలోకి అడుగుపెట్టాను. పెద్ద గిన్నెలు ఎత్తలేను. కూర్చొని కొబ్బరి తురిమాను. నా పక్కన పదహారేళ్ళ కుర్రవాడొకడు పులిహోర కలుపుతూ, "తాతగారూ, ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. నోరు మండకుండా రుచి చూసి, సరిపోయిందని చెప్పగలిగాను.